కార్‌చోబ్ దుపట్టా: చార్మినార్ నుండి ఫిల్మ్‌నగర్ దాకా

ఈ యేటి సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి వ్రాసి ఇవ్వవలసిందని సంఘ కార్యదర్శిగారు మమ్మల్ని అడిగినప్పుడు, మేము ఏ సుల్తానుల గురించో, ఏ కోట గురించో వ్రాస్తామని వారు అనుకొని ఉంటారు. మేము కూడ మొదట అలాగే అనుకున్నాము. ఉర్దూ మీడియం బడిలో ఇరవై యేండ్లుగా పాఠాలు చెప్పుచున్నవాళ్ళము. కుతుబ్‌షాహీల వరుస నిద్రలో లేపి అడిగినా చెప్పగలము. అయితే ఇంతలో మా తరగతిలో జరిగిన ఒక చిన్న సంగతి మా ఆలోచనను వేరే దారికి మళ్ళించింది.

మధ్యాహ్నం సెలవులో ఆడపిల్లలు కొత్త సినిమా పాట గురించి మాట్లాడుకుంటున్నారు. అందులో ఒక పిల్ల, "ఆ పాటలో హీరోయిన్ వేసుకున్న దుపట్టా మా అమ్మ కుట్టిందే" అన్నది. మిగతావాళ్ళు పకపక నవ్వారు. ఒకతె, "అట్లయితే సినిమాలో మీ అమ్మ పేరు వచ్చిందా?" అని అడిగింది. ఆ పిల్ల తల వంచుకొని ఊరుకుంది. తర్వాత మేము విచారిస్తే మాట నిజమేనని తేలింది. వాళ్ళమ్మ ఫిల్మ్‌నగర్ పక్కన ఒక బస్తీలో ఉంటుంది. పదిహేనేండ్లుగా ఇంట్లోనే జర్దోజీ పని చేస్తుంది.

ఆ సాయంత్రం మేము ఇంటికి వెళ్ళి మా ఇంటివారి పెండ్లినాటి ఖడా దుపట్టాను పెట్టెలోంచి తీయించాము. "దీన్ని కుట్టినదెవరు?" అని అడిగాము. మా ఇంటివారికి తెలియదు. మా అమ్మను అడిగితే, "పత్తర్‌గట్టీలో కొన్నాము గదా బాబూ" అన్నది. కొన్న దుకాణం పేరు అట్టపెట్టె మీద ఇప్పటికీ ఉంది. కుట్టిన చేయి పేరు ఎక్కడా లేదు. మనకు నిజాం నవాబుల పేర్లన్నీ తెలుసు. మన పెట్టెలోనే ఉన్న బట్టను కుట్టినవారి పేరు తెలియదు. ఇటువంటి చరిత్ర పంతులు ఏమి చరిత్ర చెప్పినట్టు? అందుకని ఈసారి దుపట్టా గురించే వ్రాయ నిశ్చయించాము.

మాటల పుట్టుక

దుపట్టా అంటే రెండు పట్టాల, అనగా రెండు వెడల్పుల బట్ట అని అర్థం. తెలుగు ఇండ్లలో కప్పుకొనే దుప్పటి కూడ ఆ మాటకు చుట్టమే. ఓఢ్నీ, ఓణీ, చున్నీ, దుపట్టా అని మన ఇండ్లలో ఎన్ని పేర్లతో పిలిచినా పని ఒక్కటే: తలను, భుజాన్ని, ఎదను కప్పడం. దాని అంచున అందం కోసం కుట్టే కుట్టుకు మాత్రం ప్రాంతానికొక పేరు, ఊరికొక పద్ధతి. పంజాబులో ఫుల్‌కారీ, లక్నోలో చికన్, కశ్మీరులో శాలువల మీద సోజనీ, కచ్ఛ్‌లో అద్దాల కుట్టు. మన హైదరాబాదులో పెండ్లి దుపట్టా అనగానే జ్ఞాపకం వచ్చేది జర్దోజీ, కార్‌చోబ్, కామ్‌దానీ.

ఫారసీలో జర్ అంటే బంగారం, దోజీ అంటే కుట్టడం. కార్ అంటే పని, చోబ్ అంటే కొయ్య. బట్టను బిగించి కట్టే కొయ్య చట్రం పేరే ఆ పనికి కూడ స్థిరపడింది. తెలుగువారు ఇదే చట్రాన్ని మగ్గం అన్నారు. ఈనాడు ప్రతి వీధిలో "మగ్గం వర్క్" అని బోర్డు కనబడుతుంది గాని, అక్కడ నేత ఏమీ ఉండదు. నేసిన బట్ట మీద కుట్టు మాత్రమే ఉంటుంది. ఈ తేడా మన పిల్లలకు చెప్పాలి. హిమ్రూ శాలువ నేత పని. నమూనా మగ్గం మీదనే బట్టతో పాటు పుడుతుంది. కార్‌చోబ్ అలా కాదు. బట్ట ముందు, పువ్వు తర్వాత.

దర్బారుల కాలం

అక్బరు పాదుషా కాలంలో అబుల్ ఫజల్ వ్రాసిన ఆయినె అక్బరీలో జర్దోజీ వంటి బంగారు పనుల ప్రస్తావన ఉంది. 17వ శతాబ్దం మధ్యలో ఫ్రెంచి వైద్యుడు బెర్నియే మొగలు రాజధానిలోని కార్ఖానాలను చూచి, ఒక పెద్ద గదిలో కుట్టుపనివారు ఉస్తాదు పర్యవేక్షణలో కూర్చొని పని చేయుచుండిరని వ్రాశాడు. దక్కనులో ఆసఫ్‌జాహీ దర్బారు స్థిరపడిన తర్వాత ఈ పనికి హైదరాబాదులో పెద్ద గిరాకీ ఏర్పడింది. నవాబుల షేర్వానీలు, ఏనుగుల జూలులు, గుర్రాల జీనులు, బేగముల దుపట్టాలు, దర్గాల చాదర్లు, ఇవన్నీ కార్‌చోబ్ మీదికి ఎక్కినవే.

పురానీ హవేలీలో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ (పాలన 1869–1911) బట్టల బీరువాల వరుస ఉంది. రెండు అంతస్తులుగా కట్టిన ఆ కొయ్య బీరువాల పొడవు చూచి మా పిల్లలు నోరు తెరిచారు. ఆయన ఒకసారి తొడిగిన బట్ట మళ్ళీ తొడగలేదని జనం చెప్పుకుంటారు. మాట నిజమైనా కాకపోయినా, అన్ని బట్టలు కుట్టడానికి ఎన్ని చేతులు కావలసి వచ్చెనో ఆలోచించండి. చౌమహల్లా పాలెస్‌లో కూడ ఆనాటి దుస్తులు ప్రదర్శనకు ఉంచారు. కుటుంబంతో వెళ్ళేవారు తుపాకులు, మోటారు కార్ల దగ్గరే ఆగిపోక, ఆ దుస్తుల అంచులను కూడ దగ్గరగా చూడవలసిందని మా మనవి.

1931లో ఉస్మానియా రాజవంశపు ఆడపడుచులు దుర్రెషహ్వార్, నీలోఫర్ ఫ్రాన్సులోని నీస్ నగరంలో ఏడవ నిజాం కుమారులను వివాహమాడి హైదరాబాదు వచ్చారు. నీలోఫర్ బేగం కట్టిన కుట్టుపని చీరలను ఆ రోజుల్లో లోకమంతా మెచ్చుకుంది. వాటిలో కొన్ని ఈనాడు న్యూయార్కులోని ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. చీర సముద్రాలు దాటింది. కట్టినవారి పేరు కూడ దానితో పాటే దాటింది.

1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిసింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. రైతుకు అది మేలు చేసిన చట్టమే. అయితే దేవిడీలను నమ్ముకొని బ్రతికిన కారీగర్లకు పోషకులు పోయారు. చాలామంది దర్జీ పనికి, బండి పనికి, బీడీ పనికి వెళ్ళిపోయారు. మిగిలినవారిని పెండ్లిండ్లు ఆదుకున్నవి. 1970ల తర్వాత గల్ఫ్ దేశాలకు వెళ్ళిన మనవాళ్ళు పంపిన డబ్బుతో మధ్యతరగతి ఇంట్లో కూడ బరువైన ఖడా దుపట్టా కొనగలిగారు.

పాత దుపట్టాలు మనకు ఎందుకు ఎక్కువగా మిగలలేదో కూడ చెప్పాలి. ఆనాటి మంచి జరీలో వెండి తీగ మీద బంగారు పూత ఉండేది. "పాత జరీ కొంటాం" అని వీధిలో కేక వినబడగానే ఎందరో ఇల్లాండ్రు అవసరం కొద్దీ నాయనమ్మ దుపట్టాను ఇచ్చివేశారు. కొన్నవాడు దాన్ని కాల్చి వెండి తీసుకున్నాడు. ఒక కారీగరు నెలల తరబడి చేసిన పని తూకానికి అమ్ముడుపోయింది. తప్పు పట్టడం లేదు. ఇంట్లో పొయ్యి వెలగాలి గదా. చరిత్ర పోయిన దారి చెప్పుచున్నాము, అంతే.

కొండలెక్కిన దుపట్టా

ఇక జూబ్లీహిల్స్ సంగతి. బంజారాహిల్స్ పేరే ఒక కుట్టుపని జాతిని గుర్తు చేస్తుంది. ఈ గుట్టల మీద పూర్వం బంజారాలు, అనగా లంబాడీలు ఉండేవారు. అద్దాలు, గవ్వలు, రంగు దారాలతో వారి స్త్రీలు తమ ఓఢ్నీలను తామే కుట్టుకొనేవారు. నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ రాళ్ళ మధ్య కట్టుకొన్న ఇంటికి బంజారా భవన్ అని పేరు. జూబ్లీహిల్స్‌లో 1960లలో సహకార గృహనిర్మాణ సంఘం ఏర్పడినప్పుడు అక్కడ ఉన్నవి బండలు, ముళ్ళపొదలు మాత్రమే.

తెలుగు సినిమా అప్పటికి మద్రాసులో ఉంది. 1949 నాటి లైలా మజ్ను, 1955 నాటి అనార్కలి చిత్రాలలో భానుమతి, అంజలీదేవి తల మీద మేలిముసుగులతో కనబడితే తెలుగుదేశమంతా చూచి మురిసింది. 1950లలో అమీర్‌పేటలో సారథీ స్టూడియో వెలసింది. 1976లో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమయింది. 1980లలో పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు కూడ ఈ ప్రాంతానికి వచ్చాయి. సినిమావారి ఇండ్లు, కార్యాలయాలు గుట్ట మీద పెరిగి ఫిల్మ్‌నగర్ అయింది. దాని క్రింద ఒక వైపు షేక్‌పేట, దాని అవతల కుతుబ్‌షాహీ సమాధులు, గోల్కొండ కోట. నాలుగువందల యేండ్ల నాటి రాజధానికి, ఈనాటి వెండితెర రాజధానికి మధ్య దూరం కొన్ని కిలోమీటర్లే.

సినిమా వచ్చిన చోటికి కుట్టు కూడ వచ్చింది. పౌరాణికమైనా, జానపదమైనా, పెండ్లి పాటైనా బంగారు అంచు లేకుండ జరగదు. జూబ్లీహిల్స్ రోడ్ల వెంట బొటీకులు తెరిచారు. వాటి వెనుక కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, షేక్‌పేట, టోలీచౌకీ గల్లీలలో అడ్డాలు వేశారు. పాతబస్తీ కారీగర్లతో బాటు ఉత్తరప్రదేశ్ నుండి, పశ్చిమబెంగాల్ నుండి వచ్చిన కుర్రవాళ్ళు అక్కడ కూర్చొని కుడుతున్నారు. నవాబుల దేవిడీకి బదులు ఇప్పుడు స్టూడియో పోషకురాలయింది.

పని జరిగే తీరు

మా శిష్యురాలి తల్లి పని చూడడానికి ఒక ఆదివారం మా ఇంటివారితో కలిసి వెళ్ళాము. ఆమె విప్పి చెప్పిన పద్ధతి ఇది.

ముందు ఖాకా. పలుచని కాగితం మీద నమూనా గీసి, గీత వెంబడి సూదితో చిన్న చిన్న చిల్లులు పొడుస్తారు. కాగితాన్ని బట్ట మీద పరచి, తెల్లపొడిని కిరసనాయిలులో కలిపి గుడ్డ ముద్దతో రుద్దుతారు. చిల్లుల గుండా చుక్కలు దిగి నమూనా బట్ట మీద పడుతుంది. తర్వాత బట్టను అడ్డాకు నాలుగు వైపుల బిగించి కడతారు. తట్టితే డప్పు మాదిరి పలకాలి. వదులుగా ఉంటే కుట్టంతా ముడతలు పోతుంది.

కుట్టు రెండు విధాలు. ఆరీ అనేది కొక్కెం ఉన్న సూది. పై చేయి సూదిని గుచ్చుతుంది, బట్ట క్రింద ఉన్న ఎడమ చేయి దారాన్ని అందిస్తుంది. కొక్కెం ఆ దారాన్ని పైకి లాగి గొలుసు కుట్టు వేస్తుంది. క్రింది చేయి ఏమి చేస్తున్నదో కంటికి కనబడదు, వేళ్ళకు తెలియాలి. రెండవది మామూలు సూదితో చేసే జర్దోజీ. సల్మా, దబ్కా, నక్షీ అనేవి సన్నని స్ప్రింగుల వంటి తీగచుట్లు. వాటిని కావలసినంత ముక్కలుగా కత్తిరించి, పూసల మాదిరి సూదికి ఎక్కించి ఒక్కొక్కటి బిగిస్తారు. మధ్యలో సితారాలు, అంచుకు గోటా, కిరన్. కామ్‌దానీలో దారమే ఉండదు. బాద్లా అనే బల్లపరుపు తీగను బట్టలో గుచ్చి, మడిచి, చుక్కగా నొక్కి, చివరకు గవ్వతో రుద్ది మెరుగు పెడతారు. ఆకాశంలో నక్షత్రాలు చల్లినట్టుంటుంది.

దుపట్టా మీద పని అన్నిటికన్న కష్టమని ఆమె చెప్పింది. కుర్తీకి లోపలి వైపు కనబడదు, దుపట్టాకు రెండు వైపులూ కనబడతాయి. బట్టేమో జార్జెట్టో, షిఫానో, జాలీయో, తీగేమో బరువు. తెలియనివాడు మధ్యలో బరువైన పువ్వు పెడితే, నాలుగు పెండ్లిండ్లకు బట్ట అక్కడ చిరుగుతుంది. అనుభవం ఉన్నవారు బరువును అంచుకు, కొంగుకు పంచి, మధ్యలో తేలికగా కామ్‌దానీ చుక్కలు చల్లుతారు. అందం ఒక్కటే చూచుకుంటే చాలదు, బరువు లెక్క కూడ ఈ పనిలో ఉంది. ఆమె బడికి పోలేదు. అయినా ఈ లెక్క తప్పినట్టు మాకు కనబడలేదు.

వేసుకొనే తీరు

ఖడా దుపట్టా మన హైదరాబాదు పెండ్లికూతురి ప్రత్యేక గుర్తు. దాదాపు ఆరు గజాల బట్ట. చూడీదార్ పైజామా, కుర్తీ, చోలీల మీద దీన్ని కుచ్చిళ్ళు పెట్టి, భుజాల దగ్గర పిన్నులతో నిలబెడతారు. తల మీద ఘూంఘట్ వేరే. పిన్ను పెట్టే చోట లోపలి నుండి చిన్న గుడ్డముక్క అతికించి కుట్టించుకుంటే బరువు ఆ ముక్క మీద పడుతుంది, దుపట్టా చిరగదు. ఒకే పెద్ద పిన్ను కన్న నాలుగు చిన్న పిన్నులు మేలు. మెడలో జడావు సొమ్ములుంటే కొనలు జాలీకి తగులుకోకుండ సొమ్ము ముందు, దుపట్టా తర్వాత వేయాలి.

నిత్యం వాడే దుపట్టా సంగతి వేరు. నూలు దుపట్టాకు గంజి పెట్టి, వేళ్ళతో చున్నట్ వేసి, మెలిపెట్టి దాచే అలవాటు మన పెద్దలకు ఉండేది. బడికి వచ్చే పిల్లలు దాన్ని మడిచి రెండు భుజాల మీద పిన్ను పెట్టుకుంటారు. అజాన్ వినబడగానే పెద్దవాళ్ళ చేయి తనంతట తానే దుపట్టా అంచును తల మీదికి లాగుతుంది. ఇవన్నీ ఒకే బట్ట చేసే పనులు. నిత్యం వాడేదానికి సన్నని ఆరీ అంచు చాలు. బరువైన జర్దోజీని పెండ్లికి, పండుగకు ఉంచుకోవాలి.

కాపాడే తీరు

మా ఇంట జరిగిన ఒక నష్టం చెబితే ఇతరులకు పనికి వస్తుంది. మా చెల్లెలి పెండ్లి దుపట్టాను ఒక దుకాణంలో ఉతకడానికి ఇచ్చాము. తిరిగి వచ్చేసరికి సితారాలు కరిగి ముద్దలయ్యాయి, జరీ నల్లబడింది. రసీదు వెనుక "బాధ్యత మాది కాదు" అని అచ్చు వేసి ఉంది. ఆ తర్వాత కారీగర్లను అడిగి తెలుసుకొన్న విషయాలు ఇవి.

బరువైన జర్దోజీని నీళ్ళలో వేయరాదు. తొడిగి విప్పిన వెంటనే మడవక, నీడలో గాలికి ఆరవేయాలి. చెమట జరీకి శత్రువు. అత్తరు ఒంటికి రాసుకొని, ఆరిన తర్వాత దుపట్టా వేసుకోవాలి గాని బట్ట మీద చల్లరాదు. ప్లాస్టిక్ సంచిలో పెట్టరాదు, తేమ లోపలే నిలుస్తుంది. ఉతికిన పాత మల్లుగుడ్డలో చుట్టాలి. హ్యాంగరుకు తగిలించరాదు, తీగ బరువుకు బట్ట సాగుతుంది. మడత దగ్గర మెత్తని గుడ్డను చుట్టగా పెట్టి, మూడు నాలుగు నెలలకొకసారి మడత మార్చాలి. లేకుంటే మడత వెంబడి తీగ విరుగుతుంది. కలరా ఉండలు జరీకి తగలరాదు. ఎండు వేపాకును చిన్న సంచిలో కట్టి పక్కన ఉంచడం మంచిది. ఇస్త్రీ చేయవలసి వస్తే తిరగవేసి, పైన గుడ్డ కప్పి, తక్కువ వేడితో చేయాలి.

అన్నిటికన్న ముఖ్యమైనది: దారం కొన వ్రేలాడితే లాగరాదు. ఆరీ కుట్టు గొలుసు కుట్టు గదా, చివరి కొన లాగితే పువ్వంతా ఊడి వస్తుంది. కొనను వెనుక వైపు ఒక ముడి వేసి, కారీగరు దగ్గరకు తీసుకువెళ్ళాలి.

కొనేటప్పుడు కూడ దుపట్టాను తిరగవేసి చూడండి. కంప్యూటర్ మిషన్ కుట్టులో వెనుక దారం ఒకే తీరుగా, అచ్చు వేసినట్టు ఉంటుంది. చేతికుట్టులో ముడులు, చిన్న హెచ్చుతగ్గులు కనబడతాయి. మిషన్ బట్ట కొనడం తప్పు కాదు, ధర తక్కువ. మిషన్ పనిని చేతిపని అని చెప్పి చేతిపని ధరకు అమ్మడం మాత్రం మోసం. దాని దెబ్బ కొన్నవారికన్న కారీగరుకే ఎక్కువ తగులుతుంది.

ఇక అసలు మాట

దుపట్టా ధర ఎవరెవరి చేతుల్లోకి పోతుంది? కొన్నవారు బొటీకుకు ఇస్తారు. బొటీకువారు కార్ఖానాదారుకు, కార్ఖానాదారు అడ్డా మీది కారీగరుకు, పని ఎక్కువైతే అతడు ఇండ్లలోని ఆడవాళ్ళకు ఇస్తారు. చివరి చేతికి వచ్చేసరికి లెక్క దుపట్టాకు కాదు, పువ్వుకు ఇంత అని. మా శిష్యురాలి తల్లికి ఒకసారి మూడు వారాల కూలి రాలేదు. బట్ట మీద మరక ఉందని పైవారు కోత పెట్టారట. మరక ఎక్కడ పడిందో, ఎవరి చేతిలో పడిందో ఆమెకు చెప్పినవారు లేరు. ఎవరిని అడగాలో కూడ ఆమెకు తెలియదు. పని ఇచ్చే పిల్లవాడు తప్ప పైవారెవరినీ ఆమె ఎన్నడూ చూడలేదు. కండ్లకు అద్దాలు కావాలని డాక్టరు చెప్పి యేడాది అయింది.

ఇది ఒక్క హైదరాబాదు కథ కాదు. పశ్చిమ గోదావరిలో నరసాపురం లేసు అల్లే స్త్రీల గురించి మారియా మీస్ అనే జర్మన్ పండితురాలు 1982లో ఒక పుస్తకం ప్రకటించింది. వారు అల్లిన లేసు విదేశాలకు ఎగుమతి అవుతుంటే, వారిని మాత్రం పనివారుగా లెక్కించక, ఇంట్లో ఊరికే కూర్చున్న ఇల్లాండ్రుగా చూచారని ఆమె వివరించింది. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే యేడు మన లాడ్‌బజార్ లక్క గాజులకు కూడ వచ్చింది. లక్నో జర్దోజీకి 2013లోనే వచ్చింది. వస్తువుకు పేరు వచ్చింది, సంతోషమే. చేసిన మనిషికి పేరు రావడం ఇంకా మిగిలి ఉంది.

2018 నాటి మహానటి చిత్రానికి దుస్తుల రూపకల్పనలో జాతీయ బహుమతి వచ్చింది. మన తెలుగు సినిమాకు అది గౌరవం; రూపకర్తల శ్రమకు తగిన ఫలం. జాతీయ బహుమతులలో కుట్టినవారికని వేరే బహుమతి లేదు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి. అందులో దర్జీ ఉన్నాడు, చాకలి ఉన్నాడు, పూలమాలలు కట్టేవాడు ఉన్నాడు; జర్దోజీకి విడిగా పేరు లేదు. అయితే కేంద్ర జౌళి శాఖ క్రింద హస్తకళల అభివృద్ధి కమిషనర్ కార్యాలయం చేతిపనివారికి పెహచాన్ అనే గుర్తింపు కార్డు ఇస్తుంది. మన బస్తీలలో ఎందరికి ఈ సంగతి తెలుసు? ఫారం నింపడం రాక ఎందరు ఊరుకున్నారు?

కనుక సంఘ సభ్యులకు మా మనవి మూడు. మొదటిది, మన సంఘ కార్యాలయంలో నెలకొక ఆదివారం ఈ ఫారాలు నింపి పెట్టే యేర్పాటు చేయాలి. చదువుకున్న మన యువకులకు అది పెద్ద పని కాదు. రెండవది, సంఘం కండ్ల పరీక్షా శిబిరం పెట్టినప్పుడు అడ్డా పనివారిని ముందు పిలవాలి. మూడవది, ఖర్చు లేనిది. మన ఇండ్లలో పెండ్లికి దుపట్టా కుట్టించేటప్పుడు కుట్టినవారి పేరు అడిగి, ఒక గుడ్డపట్టీ మీద వ్రాయించి, లోపలి అంచున కుట్టించుకోవాలి. పేరు అడగాలంటే ఆ మనిషిని కలవాలి. కలిస్తే కూలి ఎంత ముట్టిందో తెలుస్తుంది. అడిగేవారు ఉన్నారని తెలిస్తే మధ్యలోనివారు కూడ కొంచెం జాగ్రత్తగా ఉంటారు.

ఈ మూడవ మాటను ముందు మా ఇంట్లోనే ఆచరించాలనుకొని, మా అమ్మాయి కోసం ఒక చిన్న దుపట్టాను మా శిష్యురాలి తల్లి చేతనే కుట్టించాము. పని పూర్తయిన రోజున గుడ్డపట్టీ, కలం ఆమె ముందు పెట్టాము. ఆమె నవ్వి, "పేరెందుకు మాస్టర్ సాబ్, పైసలు ఇచ్చారు గదా" అన్నది. తర్వాత మెల్లగా, తనకు వ్రాయడం రాదని చెప్పింది.

పక్కనే ఉన్న కూతురు కలం తీసుకున్నది. పట్టీ మీద తల్లి పేరును ఒక వరుస ఉర్దూలో, ఒక వరుస తెలుగులో వ్రాసింది. తల్లి ఆ పట్టీని కాసేపు అటు ఇటు తిప్పి చూచింది. ఆ అక్షరాలు ఆమెకు ఖాకా మాదిరి కనబడినట్టున్నవి. ఏమీ మాట్లాడక, పట్టీని అడ్డాకు బిగించి, ఆరీ అందుకొని, గీత తప్పకుండ రెండు వరుసలూ కుట్టి మా చేతికి ఇచ్చింది.